సిరామిక్ కళతో బతకవచ్చా? పిల్లలకు నేర్పడం సొంత పనికి అడ్డమా?

మట్టితో పాటు లోహాన్నీ, ధ్వనినీ కలిపి పనిచేసే సిరామిక్ కళాకారులకు చిన్న ఊళ్లో బతుకుతెరువు దొరుకుతుందా, పిల్లలకు నేర్పుతూ కూర్చుంటే సొంత పని వెనకబడదా అని మీరు అడిగారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో 14 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

కుమ్మరి సారె మీద నా చేయి కుదిరింది భద్రావతిలో కుండల పని నేర్పే గ్రామోదయ సంఘ్‌లో. ఇల్లు గడిచేది మాత్రం నేటికీ కప్పులు, గోడ పలకల వల్లనే. 1,200 డిగ్రీలు దాటి కాల్చే స్టోన్‌వేర్ అనే రాయిలాంటి గట్టి మట్టి సామానుకు గ్యాస్ ఖర్చు ఎక్కువ గనుక ముందుగా ఆర్డరు లేనిదే బట్టీ వెలిగించను.

ఇక పిల్లల సంగతి. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా కావడం వల్ల ఇక్కడ మరాఠీవాళ్లు పోళా అనే పండుగను మా తెలుగు ఇళ్లలో పొలాల అమావాస్య అంటాము, ఇద్దరమూ పూజించేది ఎద్దులనే. మొదటి ఏడాది పండుగకు 40 మంది పిల్లలతో మట్టి ఎద్దులు చేయించి, శ్రావణపు ముసురులో అవి లోపల ఆరాయో లేదో చూసుకోకుండా కాల్చాను. మందంగా ఉన్న మెడల్లో మిగిలిన తేమ ఆవిరై 13 ఎద్దులు పేలిపోయాయి. పొరుగున ఉండే కుమ్మరి పెద్దమ్మ ఆ ముక్కలను చూసి, "పొట్టలో గాలాడే దారి లేదు కదా బిడ్డా" అంటూ, మట్టిలో వరి ఊక కలపమనీ, లోపల బోలుగా తీసి చీపురు పుల్లతో పొట్ట కింద రంధ్రం పొడవమనీ చెప్పింది. ఊక కాలిపోయి వదిలే సన్నని ఖాళీలు మట్టిని తేలిక చేస్తాయని చదువుకున్న నాకు అది సమయానికి తట్టకపోవడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ ముక్కలను పారేసే ముందు వేలితో కొట్టి చూశాను. బాగా కాలినవి ఖంగుమన్నాయి, పచ్చిగా మిగిలినవి మొద్దుగా పలికాయి. కొమ్ములనూ కాళ్లనూ ఆ పలుకుల వరుసలో రాగి తీగకు గుచ్చి వసారాలో వేలాడదీశాను. ధ్వనితో నేను చేసిన మొదటి పని అదే, తరువాత వచ్చిన పెద్ద ఆర్డర్లలో రెండు దానిని చూసి వచ్చినవే. అందుచేత నేర్పడం నా పనిని వెనక్కి లాగిందని నేను అనలేను.

అయితే నేర్పే పనిని ఉచితంగా ఒప్పుకోకండి. ఒక సంస్థ గోడ పలకలు చేయించుకుని, పిల్లల శిక్షణను "సేవ" కింద రాసుకుని, డబ్బుల కోసం 11 నెలలు నన్ను తిప్పింది. అప్పటినుంచి మట్టి, కట్టెలు, నా రోజు కూలి మూడింటినీ విడివిడిగా కాగితం మీద రాసి, సగం ముందే తీసుకుంటున్నాను. కుమ్మరి పెద్దమ్మ వచ్చిన రోజున ఆమె కూలి కూడా అందులోనే ఉంటుంది, నాకు ఎంతో ఆమెకూ అంతే.