స్కూలు నుంచి పాపను తెచ్చేసుకోమంటున్నారు... ఏం చేయను?

మేడమ్, నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. మా పాపకు నాలుగేళ్లు. మా ఆయనకూ నాకూ గొడవలు ఉన్నాయి. దసరా సెలవులకని మా ఆయన పాపను వరంగల్‌లో వాళ్ల అమ్మగారింటికి తీసుకెళ్లి, మళ్లీ పంపలేదు. రెండు నెలలైంది. అక్కడే స్కూల్లో చేర్చారట. ఫోన్ ఎత్తరు. పోలీసులేమో ‘కన్నతండ్రి దగ్గరే ఉంది కదా, కోర్టుకెళ్లండి’ అన్నారు. నలుగురం వెళ్లి స్కూలు దగ్గర నుంచి తెచ్చేద్దామంటున్నాడు అన్నయ్య. కోర్టంటే ఏళ్లు పడుతుందని భయం. - ఒక సోదరి

స్కూలు దగ్గరికి మాత్రం వెళ్లకండమ్మా. మీ అన్నయ్యది ప్రేమే, కాదనను. కానీ గేటు ముందు ఇటు నలుగురు, అటు నలుగురు చెరో చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఆ పసిదానికి అందరూ భయపెట్టేవాళ్లే. ఎవరో ఒకరు వీడియో తీస్తారు. రేపు అదే కోర్టులో మీ మీదికి వస్తుంది.

అలాగని పెద్దమనుషుల పంచాయతీల కోసం ఇంకో రెండు నెలలు ఆగొద్దు. హిందూ కుటుంబాలకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ కస్టడీ సాధారణంగా తల్లిదే. ‘సాధారణంగా’ అన్నారు కాబట్టి బిడ్డ క్షేమమే చివరి మాట. రోజులు గడిచేకొద్దీ ‘పాప ఇక్కడ అలవాటు పడిపోయింది, కదిలించొద్దు’ అని వాళ్లు వాదిస్తారు. కోర్టులు ఆ మాటను తేలిగ్గా తీసుకోవు. అందుకే ఈ వారంలోనే లాయరును కలవండి.

దారులు రెండు. ఒకటి ఫ్యామిలీ కోర్టు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కస్టడీ పిటిషన్, దాంతోపాటే మధ్యంతర (తుది తీర్పు వచ్చేదాకా ఉండే) కస్టడీకి, ఈలోగా వీడియో కాల్‌కి అప్లికేషన్ వేయించండి. ఏళ్లు పట్టేది తుది తీర్పుకే, మధ్యంతర ఉత్తర్వు ముందే అడగొచ్చు. బిడ్డ మామూలుగా ఉండే ఊరి కోర్టుకే ఈ కేసు వినే అధికారం. కాబట్టి పాప విజయవాడలోనే పెరిగిందని చూపే స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఇంటి అద్దె కాగితాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. సెలవులకని తీసుకెళ్లినట్టు ఆయన పెట్టిన మెసేజ్ ఉంటే అది బంగారం.

రెండోది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే చట్టవిరుద్ధంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని వేసే పిటిషన్. బిడ్డ తల్లి లేదా తండ్రి దగ్గరే ఉన్నా, అలా ఉంచుకోవడం చట్టవిరుద్ధమైతే ఈ పిటిషన్ నిలుస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి చనిపోయిన పాపను ఆమె తరఫు బంధువుల నుంచి తండ్రికి ఇప్పించిన కేసది. అయితే సాక్ష్యాలతో లోతుగా విచారించాల్సిన సందర్భాల్లో ఫ్యామిలీ కోర్టుకే వెళ్లమంటారు. మీకు ఏది సరిపోతుందో, ఏ హైకోర్టులో వేయాలో లాయరుతో తేల్చుకోండి. ఫీజు గురించి టెన్షన్ వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయరును ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

ఆర్డర్ వచ్చినా ఆయన పంపకపోతే అప్పుడూ మీరే వెళ్లి తెచ్చుకోకండి. అమలు పిటిషన్ వేసి, పోలీసు సాయం ఇప్పించమని అదే కోర్టును అడగండి. కస్టడీ ఉత్తర్వు ఎవరికి వచ్చినా శాశ్వతం కాదు. బిడ్డ అవసరాలు మారితే కోర్టు మార్చగలదు.

ఒక మాట మీకు కష్టంగా అనిపించవచ్చు. వారాంతాల్లో తండ్రి పాపను చూడటానికి అభ్యంతరం లేదని పిటిషన్‌లో మీరే రాయించండి. ఆయన వల్ల పాపకు ప్రమాదం ఉంటే సంగతి వేరు, అది లాయరుకు ముందే చెప్పాలి. అదేమీ లేకపోతే ఇద్దరి ప్రేమా ఆ బిడ్డ హక్కు, కోర్టులూ అదే అంటున్నాయి.

పాప తిరిగొచ్చిన రోజు పరుగున వచ్చి మిమ్మల్ని వాటేసుకోకపోవచ్చు. నానమ్మ మెడ పట్టుకుని వదలకపోవచ్చు. ‘అమ్మను మర్చిపోయావా’ అని అడగొద్దు, అక్కడ ఎవరేమన్నారో ఆరా తీయొద్దు. రోజూ కప్పుకునే దుప్పటి, తన బొమ్మ తీసుకెళ్లండి. నానమ్మతో మాట్లాడతానంటే ఫోన్ కలపండి. కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచినా, పక్క తడిపినా కోప్పడకండి. వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.

ఇక ఈ రాత్రికి చేయాల్సింది ఒకటుంది. మీ ఆయనకు ‘రేపు సాయంత్రం ఆరింటికి పాపతో వీడియో కాల్‌లో మాట్లాడతాను, దయచేసి కలపండి’ అని మెసేజ్ పెట్టండి. తిట్టొద్దు, పాత గొడవలు ఎత్తొద్దు. జవాబు రాకపోయినా రోజూ పెట్టండి, ఒక్కటీ డిలీట్ చేయకండి.