చిన్న క్లబ్బుల కప్పులో పెద్ద అకాడమీల జట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హనుమకొండలో కొన్ని క్లబ్బులం కలిసి ఏటా ఒక ఫుట్‌బాల్ టోర్నీ జరుపుకుంటున్నాం. కాజీపేట, పరకాల, నర్సంపేట, జనగామ నుంచి జట్లు వస్తాయి. చిరుద్యోగులు, ఆటో నడిపేవారు, డిగ్రీ చదువుకునే పిల్లలు ఆడతారు. ఈసారి ఒక క్రీడా పాఠశాల జట్టునూ, ఒక ప్రొఫెషనల్ క్లబ్బు అకాడమీ జట్టునూ పిలిస్తే టోర్నీ స్థాయి పెరుగుతుందని కమిటీలో సగం మంది అంటున్నారు. వాళ్లు వస్తే మన కప్పు మనకు దక్కదని మిగిలిన సగం మంది పట్టుబడుతున్నారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రయోగం చేశారని విన్నాం. అక్కడ ఏం జరిగింది? మేం ఏం చేయడం మంచిది?
— ఒక క్లబ్బు కార్యదర్శి, హనుమకొండ

జవాబు: మీరు విన్నది నిజమే. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్‌ల కింద లీగ్ వన్, లీగ్ టూ అనే రెండు అంచెలు ఉన్నాయి. ఆ రెండింటిలోని 48 క్లబ్బుల వంటి చిన్న క్లబ్బుల కోసమే 1983-84లో ఒక కప్పు మొదలైంది. ఇప్పుడు దాన్ని ఈఎఫ్ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) ట్రోఫీ అంటున్నారు. పెద్ద క్లబ్బులు అందులో లేకపోవడమే దానికి ఉన్న విలువ. తమ ఊరి జట్టు ఇంగ్లండ్ జాతీయ మైదానమైన వెంబ్లీలో ఫైనల్ ఆడుతుంటే చూడగలిగే దారులు చిన్న పట్టణాల అభిమానులకు చాలా తక్కువ. ఈ కప్పు అలాంటి దారుల్లో ఒకటి.

2016-17లో ఒకటో శ్రేణి (అత్యున్నత గ్రేడు) అకాడమీలు ఉన్న 16 పై అంచె క్లబ్బుల యువ జట్లను ఈ పోటీకి ఆహ్వానించి, జట్ల సంఖ్యను 64కు పెంచారు. పద్దెనిమిదేళ్లు దాటిన కుర్రాళ్లు తమ వయసువారితోనే ఆడుతూ ఉంటే సీనియర్ ఆటకు సిద్ధం కారనీ, ఫలితం కోసం నిజంగా పోరాడే పెద్దవాళ్లతో తలపడాలనీ నిర్వాహకులు చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఈ ఏర్పాటు ఎవరి కోసమని చెప్పారో, ఆ అగ్రశ్రేణి క్లబ్బుల్లోనే పలువురు మొదటి ఏడాది ముందుకు రాలేదు. ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ, టోటెన్‌హామ్ ఆ సీజన్‌లో తమ జట్లను పంపలేదు.

చిన్న క్లబ్బుల అభిమానులు ఈ మ్యాచ్‌లను బహిష్కరించాలని ఉద్యమించారు, అనేక మైదానాలు వెలవెలబోయాయి. వారి కోపానికి ఒక పాత భయం కూడా తోడైంది. 2014లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు గ్రెగ్ డైక్ నేతృత్వంలోని కమిషన్, పెద్ద క్లబ్బుల ‘బి’ జట్లకు చోటిస్తూ లీగ్ టూ కింద కొత్త అంచెను ఏర్పాటు చేయాలని ప్రతిపాదించింది. తీవ్ర వ్యతిరేకత రావడంతో అది ముందుకు సాగలేదు. అందుకే రెండేళ్ల తర్వాత అకాడమీ జట్లు కప్పులో అడుగుపెట్టగానే, ఇవాళ కప్పులోకి వచ్చినవాళ్లు రేపు లీగ్‌లోకి రారన్న హామీ ఏమిటని అభిమానులు అడిగారు. ఆ అనుమానం అతిగా తోచవచ్చు, కానీ దానికి కారణం కాగితం మీదే ఉంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది జరిమానాల వ్యవహారం. టోర్నీ స్థాయి పడిపోకూడదని, చిన్న క్లబ్బులు తమ మొదటి జట్టు ఆటగాళ్లలో నిర్ణీత సంఖ్యను తప్పనిసరిగా ఆడించాలని ఆ ఏడాది నియమం పెట్టారు. లీగ్ మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి కోసమో, సొంత కుర్రాళ్లకు అవకాశం ఇవ్వడం కోసమో ఆ నియమాన్ని పాటించని క్లబ్బులు జరిమానా కట్టవలసి వచ్చింది. లూటన్, పోర్ట్స్‌మౌత్ క్లబ్బులకు చెరో 15,000 పౌండ్లు పడింది. బ్రాడ్‌ఫర్డ్ అయితే నియమం అక్షరాలా నెరవేరేలా మొదటి గోల్‌కీపర్ కాలిన్ డాయిల్‌ను బరిలోకి దింపి, మూడు నిమిషాలకే వెనక్కి పిలిచింది. యువకులను తీర్చిదిద్దడానికే తెచ్చామన్న పోటీలో లూటన్ తన యువకులను ఆడించినందుకు శిక్ష అనుభవించింది. పెద్ద క్లబ్బు కుర్రాడికి అనుభవం కావాలి, చిన్న క్లబ్బు కుర్రాడికి మాత్రం అక్కర్లేదు అన్నట్టుగా ఉంది ఆ తీరు. మీ టోర్నీలో ఏ నియమం రాసుకున్నా, అందులో ఈ రెండు కొలతలు దూరకుండా చూసుకోవాలని ముందుగానే కోరుతున్నాను.

ఇంత వ్యతిరేకత వచ్చినా ఆ పద్ధతి ఎందుకు నిలిచిందంటే, ప్రధాన కారణం డబ్బు. ప్రీమియర్ లీగ్ నుంచి వచ్చే సొమ్ముతో బహుమతులు పెరిగాయి, చిన్న క్లబ్బుల యాజమాన్యాలు దీన్ని కొనసాగించడానికే ఓటు వేశాయి. అభిమానుల మాట ఒకటైతే లెక్కలు చూసుకునేవారి మాట మరొకటైంది. యాజమాన్యాలను నేను తప్పు పట్టలేను. జీతాలకు కటకటలాడే క్లబ్బుకు గ్రూపు దశలో ఒక్క గెలుపు తెచ్చే సొమ్ము కూడా ఎంతో ఆసరా. అకాడమీ జట్లు గ్రూపు మ్యాచ్‌లను ఎదుటి జట్టు మైదానంలోనే ఆడే ఏర్పాటు ఉండటం వల్ల టికెట్ల రాబడి కూడా చిన్న క్లబ్బుకే మిగులుతుంది. ఇక వచ్చినవాళ్లు కప్పు ఎగరేసుకుపోతారన్న భయం అక్కడ నిజం కాలేదు. 2017-18లో చెల్సీ యువ జట్టు సెమీఫైనల్ దాకా వచ్చి లింకన్ సిటీ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది, ఆ ఏడాది కప్పు లింకన్‌దే. 2025 వరకు ఏ అకాడమీ జట్టూ ఫైనల్ చేరలేదు. 2019లో పోర్ట్స్‌మౌత్, సండర్‌ల్యాండ్ తలపడిన ఫైనల్‌ను చూడటానికి వెంబ్లీకి 85,021 మంది వచ్చారు. ఆ రెండూ అభిమాన బలం దండిగా ఉన్న క్లబ్బులే అయినా, కప్పు మీద జనానికి మమకారం చావలేదని అనుకోవడానికి ఆ సంఖ్య చాలు.

అయినప్పటికీ నేను ఆ పద్ధతిని సమర్థించను. కుర్రాడికి పెద్దల ఆట నేర్పడమే ఉద్దేశమైతే చిన్న క్లబ్బుకు పంపవలసింది కుర్రాడిని, జట్టును కాదు. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన తన ఆటగాడు హ్యారీ కేన్‌ను టోటెన్‌హామ్ 2011లో మూడో అంచెలోని లేటన్ ఓరియంట్‌కు లోన్ మీద, అంటే కొంతకాలానికి అప్పుగా, పంపింది. అక్కడ అతడు తనకంటే వయసులో పెద్దవారైన సహచరుల పక్కన కూర్చుని, వారి పాయింట్ల కోసం, వారి ఊరి కోసం ఆడాడు. 2020లో కరోనా కాలంలో ఆ క్లబ్బు జెర్సీల స్పాన్సర్‌షిప్‌ను కేన్ స్వయంగా భరించి, ఆ చోటును సేవాసంస్థల పేర్లకు ఇచ్చాడు. అకాడమీ జట్టుగా బస్సులో వచ్చి తొంభై నిమిషాలు ఆడి, అదే బస్సులో వెళ్లిపోయే కుర్రాడికి ఆ ఊరితో అలాంటి బంధం ఏర్పడే వీలు లేదు. పైగా లోన్ పద్ధతిలో చిన్న క్లబ్బుకు ఒక మంచి ఆటగాడు దొరుకుతాడు, జట్టును రప్పించే పద్ధతిలో ఒక ప్రత్యర్థి మాత్రమే దొరుకుతాడు.

కాబట్టి మీ కమిటీకి నా సలహా ఇది. క్రీడా పాఠశాల అధికారులతో మాట్లాడి, వారి రాతపూర్వక అనుమతితో, ప్రతి క్లబ్బుకు ఇద్దరేసి కుర్రాళ్లను గెస్ట్ ప్లేయర్లుగా కేటాయించమని కోరండి. ఎవరికి ఎవరు అన్నది అందరి ఎదుట చీటీలు తీసి తేల్చండి, లేకపోతే ఆ గొడవ టోర్నీని మించిపోతుంది. ప్రొఫెషనల్ క్లబ్బు అకాడమీ జట్టును తప్పక పిలవాలని అనుకుంటే, ఫైనల్‌కు ముందు రోజు సాయంత్రం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మీ క్లబ్బుల నుంచి ఎంపిక చేసిన జట్టుతో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడించండి. జనం వస్తారు, మీవాళ్లకు తమ స్థాయి తెలుస్తుంది, కప్పు జోలికి ఎవరూ రారు. ఏ నిర్ణయమైనా కమిటీలో నలుగురు కూర్చుని తీసుకోకుండా, పాల్గొనే ప్రతి క్లబ్బుకూ ఒక ఓటు ఇచ్చి తీసుకోండి.

ప్రశ్న: నేను మంచిర్యాలలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. అండర్-17 పోటీల్లో మావాళ్లు బాగానే గెలుస్తున్నారు, కానీ పెద్దల జట్లతో ఆడితే తేలిపోతున్నారు. వాళ్లను ఒక జట్టుగా పెద్దల టోర్నీల్లో ఆడించడం తప్పా? మన దేశంలో ఎవరూ అలా చేయలేదా?
— ఒక శిక్షకుడు, మంచిర్యాల

జవాబు: తప్పు కాదు, చేశారు కూడా. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో యువకులతోనే ఒక జట్టును కూర్చి, అప్పట్లో దేశంలో అగ్రశ్రేణి పోటీ అయిన ఐ-లీగ్‌లో ఆడించింది. ఆ జట్టుకే తర్వాత ఇండియన్ ఆరోస్ అన్న పేరు స్థిరపడింది. 2013లో ఆపేసిన ఆ ప్రయోగాన్ని, మన దేశం అండర్-17 ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చిన 2017లో మళ్లీ మొదలుపెట్టి, ఆ ప్రపంచకప్ ఆడిన పిల్లలను అందులోకి తీసుకున్నారు. కొలంబియా మీద గోల్ చేసి ఫిఫా ప్రపంచకప్‌లలో భారత్‌కు తొలి గోల్ అందించిన జీక్సన్ సింగ్ కూడా ఆ జట్టుకు ఆడాడు, తర్వాత సీనియర్ జాతీయ జట్టుకు ఎదిగాడు. 2022లో ఆ జట్టును రద్దు చేశారు. అదే ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బుల యువ జట్ల కోసం వేరే డెవలప్‌మెంట్ లీగ్ మొదలైంది.

ఆరోస్ పట్టికలో చివరన నిలిచినా దాన్ని కింది అంచెకు పంపకూడదని నియమం ఉండేది. పిల్లలకు ఆ రక్షణ అవసరమే, కానీ ఓడినా పోయేది లేని జట్టుతో ఆడే మ్యాచ్‌కూ, బతుకు తేల్చే మ్యాచ్‌కూ చాలా తేడా ఉంటుంది. మీ పిల్లలు నేర్చుకోవలసింది ఆ రెండోదాన్నే. అది సింగరేణి కార్మికుల జట్లలో దొరుకుతుంది. షిఫ్ట్ దిగి వచ్చి ఆడే ఆ మనుషులకు మైదానంలో ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ నిలబడాలో చెప్పక్కర్లేదు. మీ దగ్గరున్న వారిలో పదిహేడేళ్లు నిండి, ఒంట్లో బలం వచ్చిన ఇద్దరు ముగ్గురిని అలాంటి జట్లతో సాయంత్రం ప్రాక్టీసుకు పంపండి. అక్కడి సీనియర్లు సరేనన్నాకే మ్యాచ్‌లో దించండి. పదిహేను, పదహారేళ్ల పిల్లలందరినీ కలిపి ఒక జట్టుగా పాతికేళ్లవారి మీదికి పంపడానికి మాత్రం తొందరపడవద్దు. ఇంగ్లండ్‌లో ఈఎఫ్ఎల్ ట్రోఫీ ఆడే అకాడమీ జట్లలో ఎక్కువమంది పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్యవారు, రోజూ వ్యాయామ నిపుణుల పర్యవేక్షణలో ఉండేవారు. మోకాలికి దెబ్బ తగిలితే వారికి క్లబ్బు వైద్యం చేయిస్తుంది. మన పిల్లలకు ఆ ఖర్చు తల్లిదండ్రుల మీదే పడుతుంది.

ప్రశ్న: అకాడమీ జట్టును అనుమతించిన పోటీలో అదే గెలిస్తే ఏం చేస్తారు? తన సొంత క్లబ్బుతోనే తలపడవలసి వస్తే?
— ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: రెండూ దాదాపుగా జరిగాయి. 1980లో స్పెయిన్ జాతీయ కప్పు కోపా డెల్ రే ఫైనల్‌కు రియల్ మాడ్రిడ్‌తో పాటు దాని రిజర్వు జట్టు కాస్టిల్లా కూడా చేరింది. కాస్టిల్లా 6-1తో ఓడిపోయినా, రియల్ మాడ్రిడ్ లీగ్ విజేతగా వేరే యూరప్ కప్పుకు వెళ్లడంతో, జాతీయ కప్పుల విజేతలు ఆడే యూరప్ పోటీ కప్ విన్నర్స్ కప్‌లో చోటు రిజర్వు జట్టుకు దక్కింది. 1990-91 నుంచి అలాంటి జట్లను ఆ కప్పులోకి రానివ్వడం లేదు. జర్మనీలో 1993లో హెర్తా బెర్లిన్ రెండో జట్టు జాతీయ కప్పు ఫైనల్ దాకా వచ్చి లెవర్‌కూసెన్ చేతిలో 1-0తో ఓడింది. అక్కడ కూడా 2008 నుంచి రెండో జట్లకు కప్పులో ప్రవేశం లేదు. లీగ్‌లో మాత్రం ఆడనిస్తారు, కానీ పరిమితి ఉంటుంది. 2019-20లో బయర్న్ మ్యూనిక్ రెండో జట్టు మూడో అంచెలో విజేతగా నిలిచినా రెండో అంచెకు ఎక్కే అర్హత దానికి లేకపోయింది. ఈ రెండు దేశాలూ కప్పు నుంచి రెండో జట్లను తప్పించింది అవి ఫైనల్ దాకా వచ్చి చాలా ఏళ్లు గడిచాకే. మీ జిల్లాలో ఎవరైనా ఇలాంటి టోర్నీ పెట్టే ఆలోచనలో ఉంటే, ఆహ్వానిత జట్టు ఏ దశ వరకు ఆడవచ్చు, గెలిస్తే బహుమతి సొమ్ము ఎవరికి చెందుతుంది, ఒకే సంస్థ నుంచి రెండు జట్లు రావచ్చా అన్న మూడు విషయాలను ఎంట్రీ ఫారం మీదే అచ్చు వేయించమని చెప్పండి.