కాశీనగర్ బడికి వెళ్తున్న నానాకి

నానా,

నువ్వు కాశీనగర్ బడిలో నాలుగు, అయిదు తరగతులకి సోషల్ చెప్పడానికి చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పయ్యేళ్లు పర్లాకిమిడిలో అదే పని చేసినదాన్ని, మన ఇంట్లో మళ్లీ ఒకరు సుద్దముక్క పట్టుకుంటున్నారంటే ఎంత సంతోషమో. కానీ నువ్వు ఫోన్ లాక్కుని "పెద్దమ్మా, మన పర్లాకిమిడి మన చేతిలోంచి ఎలా పోయిందో మొదటి నెలలోనే చెప్పేస్తాను" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాఠం ముందురోజే చదువుకో. బోర్డు మీద పెద్దక్షరాలు రాయి. తేదీలు బట్టీ పట్టించకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు నేను చేసిన తప్పు విను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, అప్పటిదాకా మద్రాసు కింద ఉన్న పర్లాకిమిడి అందులో కలిసింది. పిల్లలకి అంతవరకు చెప్పి ఊరుకోవాల్సింది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఉత్కళ దినానికి, అదే ఒడిశా ఏర్పడ్డ రోజు పండగకి, ముందురోజు, మా తాతయ్య కళ్లనీళ్లతో నాకెలా చెప్పాడో అలాగే చెప్పాను. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి రాజావారి బడిలో చరిత్ర చెప్పిన మేష్టారు, ఆయన వద్దు వద్దని పోరాడి చివరికి ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారని చెప్తుంటే నా గొంతు పూడుకుపోయింది. పిల్లలు కదలకుండా విన్నారు. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

రెండ్రోజులయ్యాక క్లాసుకి వెళ్తే తెలుగు పిల్లలంతా కిటికీ వైపు, ఒడియా పిల్లలంతా తలుపు వైపు. రోజూ ఒకే డబ్బాలో మరమరాలు తినే ఇద్దరు ఆడపిల్లలు చెరో మూలా కూచున్నారు. వాళ్లలో ఒడియా పిల్ల ఇంటర్వెల్‌లో వచ్చి నా కొంగు పట్టుకుని, "గురుమా, మేం ఎవరిల్లు తీసుకున్నాం?" అని అడిగింది. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు, ఉండేది అద్దె గదిలో. నాకు నోట మాట రాలేదు. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచాక కూడా ఆ ఇద్దరూ ఒక బెంచీలోకి రాలేదు నానా.

తొమ్మిదేళ్ల పిల్లలకి 1936 అయినా మొన్నటి మంగళవారమైనా ఒకటేరా. కథలో ఎవరో అన్యాయం చేశారంటే ఆ మనిషి కోసం పక్క బెంచీలోనే వెతుకుతారు. అందుకని ముందు కాలం ఎంత పొడుగో చూపించాలి. నేను ఆ తర్వాత పలుపుతాడుకి మూరకో ముడి వేసి, ముడికి పదేళ్లన్నాను. ఇది నువ్వు పుట్టిన ముడి, ఇది మీ అమ్మది, ఇది మామ్మది అంటూ పట్టించేదాన్ని. నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు మొదలైన 1900 దగ్గరికి వచ్చేసరికి తాడు తలుపు దాకా వెళ్లేది. అప్పుడు ఒక్కొక్కరి మొహం చూడాలి.

పర్లాకిమిడి కథ దాచేయమని కాదు. ఆ బాధ నాకూ ఉంది. ముందు ముఖలింగం చెప్పు. అది గంగరాజుల రాజధాని, పూరీ జగన్నాథుడి గుడి తలపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశం వాడే. అక్కడి స్వామి ఇప్పచెట్టులోంచి ఇక్కడి గిరిజనులు శవరలకి కనిపించాడని స్థలపురాణం. నీ క్లాసులో తెలుగు, ఒడియా, శవర పిల్లలు ముగ్గురూ ఉంటారు, ముగ్గురూ అందులో తమవాళ్లని చూసుకుంటారు. ఊరు వదిలిన గిడుగు కంటే శవరల మాట నేర్చుకుని వాళ్ల పిల్లలకి ఆ మాటలోనే చదువు చెప్పించిన గిడుగుని ముందు చూపించు. మిగతాది వాళ్లు పెద్ద క్లాసులకి వెళ్లాక ఎలాగూ వింటారు. నువ్వే చెప్పాల్సివస్తే మాత్రం గొంతు పూడుకుపోయినప్పుడు చెప్పకు.

నువ్వు మంచి మేష్టారివి అవుతావు, చిన్నప్పుడు నా ఒళ్లో కూచుని "తర్వాత, తర్వాత" అని ప్రాణం తీసేవాడివి. ఆ తాడు ఇంకా నా పెట్టెలోనే ఉంది, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

ముఖలింగం తీసుకెళ్తే చలికాలంలో, పొద్దున్నే బయల్దేరు. వంశధార ఇసుక చూడగానే పిల్లలు ఆగరు, వాళ్లని నీళ్లలోకి మాత్రం దిగనివ్వకు, లోతు పైకి తెలీదు. బస్సు ఎక్కేటప్పుడు లెక్కపెట్టు, దిగాక లెక్కపెట్టు, గుళ్లోంచి బయటికొచ్చాక మళ్లీ లెక్కపెట్టు.

మీ పెద్దమ్మ