మామూలు, సాదా ఒకటేనా?

ప్రశ్న: 'మామూలు'కు సాధారణం, లంచం అని రెండర్థాలు ఎట్లొచ్చినయి? 'సాదా'తో తేడా ఏంది? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అరబీలో 'అమల్' అంటే పని, ఆచరణ. దాన్నుంచి పుట్టిందే 'మామూల్': ఆచరణలో ఉన్నది. ఉర్దూలో వాడుకకు 'మామూల్', సాధారణానికి 'మామూలీ' అని వేర్వేరు రూపాలుంటే, తెలుగులో రెండూ ఒక్క మాటలో కలిసిపోయినయి. చిక్కంతా అక్కడే. వాడుక కొద్దీ ఇచ్చే పైకం కూడా మామూలే అయింది. దసరా మామూలు అట్లాంటిదే. గుర్తుపట్టడం తేలికే. 'మామూలు చీర' అన్నట్టు పక్కన నామవాచకం ఉంటే సాధారణం. అదేమీ లేకుండా 'అడిగిండు', 'ఇచ్చిండు' అని వస్తే డబ్బు. 'మామూళ్లు' అని బహువచనమైతే ఇక అనుమానమే వద్దు. 'మామూలోడు కాదు' మెప్పో, ఎత్తిపొడుపో గొంతును బట్టే తెలుస్తది.

'సాదా' ఫారసీ మాట, హంగు లేనిదని అర్థం. సాదా దోశలో ఆలుగడ్డ కూర ఉండదు. సాదా బైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం; అక్కడ 'మామూలు' పెడితే అర్థం చెడుతది.