క్రోమ్ మీద మోజంతా దుమ్ము వల్లే

"బళ్ళకి అద్దంలా మెరిసే క్రోమ్ పూత అంటే జనానికి ఎందుకంత మోజు? కంపెనీలన్నీ నలుపుకి మారిపోతుంటే ఈ తళతళలు ఇంకా ఎవరికి కావాలి?" అని అడిగారు. నాక్కావాలండీ. మా పెదనాన్నకైతే ఇంకా ఎక్కువ కావాలి.

డాబు కోసం అని చాలామంది తేల్చేస్తారు. నేనొప్పుకోను. డాబే కావాలనుకునేవాడికి సన్‌రూఫ్ ఉంది, అందులోంచి పిల్లల్ని నిలబెట్టి వైజాగ్ బీచ్ రోడ్డంతా ఊరేగించొచ్చు (ఆ పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది, అది వేరే గొడవ). క్రోమ్ మీద మోజు దుమ్ములోంచి పుట్టింది. మన రోడ్ల మీద తిరిగే బండి ఏ రంగుదైనా సంక్రాంతి దాటేసరికి మట్టిరంగే. తెల్లకారు నాలుగు రోజులు తుడవకపోయినా ఎవరూ కనిపెట్టరు. క్రోమ్ మీద వేలిముద్ర పడినా దొరికిపోతాం. కాబట్టి ఎక్కడైనా క్రోమ్ ధగధగలాడుతోందంటే, పొద్దున్నే ఎవరో గుడ్డ పట్టుకుని ఆ బండి పక్కన గొంతుక్కూర్చున్నారని అర్థం. సెంటర్లో నిలబెట్టిన పాత బుల్లెట్‌ని జనం ఆగి చూసేది ఆ తుడుపునే. బండి ఖరీదుని కాదు.

మా పెదనాన్నది తెనాలి, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర జావా మోటార్‌సైకిల్ ఉంది. ఇప్పుడు షోరూముల్లో అమ్మే జావా కాదు, మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు చేసిన అసలు బండి. ఆ ఫ్యాక్టరీ 1961లో మొదలై 1996లో మూతపడింది. ఆ బండి చూడనివాళ్ళ కోసం చెబుతున్నా: ట్యాంకు మెరూన్ రంగు, రెండు పక్కలా క్రోమ్, ఆ రెండూ కలిసేచోట సన్నటి బంగారు గీత, మోకాళ్ళు ఆనేచోట రబ్బరు ప్యాడ్లు. రెండు సైలెన్సర్లు, హెడ్‌లైటు రింగు అన్నీ క్రోమే. ఆ ట్యాంకు పక్కలు గుల్లలు పట్టి, పొరలు లేచిపోయి కనపడుతుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. "స్టిక్కర్ వేయించుకుందాం పెదనాన్నా" అన్నా ఒకసారి. ఆయన చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి ట్యాంకు ఊడదీసి, పెట్రోలు వంచేసి, గోనెసంచిలో చుట్టి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాం. పెదనాన్న మాత్రం ఇస్త్రీ చొక్కాలో బయల్దేరారు, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు. ప్లేటింగు పని చేసే భాయ్ ట్యాంకుని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూశాడు, వేలితో తట్టి చూశాడు.

"మాస్టారూ, పెయింటయితే సొట్టలకి లప్పం పెట్టి సర్దేస్తారు. మా పనికి లప్పం లేదు. రేకు ఎట్టుంటే మెరుపు అట్టుంటది. ముందు సొట్టలు తీయించుకు రండి."

క్రోమ్ గురించి ఇంతకన్నా మంచిమాట నేను వినలేదు. ఇంటర్నెట్‌లో దీనిమీద ఎంతో చదివాను, దీనికి దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదు. రంగు అన్నిటినీ కప్పేస్తుంది. క్రోమ్ మాత్రం తన కిందున్న ప్రతి గీతనీ పట్టి చూపిస్తుంది. పాత క్రోమ్ బంపర్ని నేనింత గౌరవంగా చూసేది అందుకే, దాని కింద చెయ్యి తిరిగినవాడి పని ఉంటేగాని అది అలా మెరవదు.

భాయ్ ఇంకో మెలిక కూడా పెట్టాడు. "తుప్పు కడిగితే కన్నాలు బయటపడొచ్చు. పడితే నన్ననొద్దు." పడ్డాయి కూడా, అడుగున సూదిమొనంత కన్నాలు. వాటికి బ్రేజింగు (ఇత్తడి కరిగించి పూడ్చడం) చేయించి మళ్ళీ ఇచ్చాం. తర్వాత బఫింగు. గుడ్డ చక్రం గిర్రున తిరుగుతుంటే ట్యాంకుని దానికి ఆనించి పట్టుకున్న కుర్రాడి మొహం కళ్ళు తప్ప అంతా నల్లమసి.

పూత వేసే రోజు పెదనాన్న ఇంట్లో నిలవలేదు, మళ్ళీ నన్ను లాక్కుపోయారు. మేం వెళ్ళేసరికి ట్యాంకు మొదటి తొట్టిలోంచి బయటికొస్తోంది. ఎర్రగా ఉంది. పెదనాన్నకి చెమటలు పట్టాయి. "ఏం భాయ్, రాగి చెంబులా చేశావేంటి నా బండిని!" భాయ్ నవ్వాడు. ముందు రాగి, దాని మీద నికెల్, ఆఖర్న క్రోమ్, పద్ధతి అదే. నికెల్ తొట్టిలోంచి వచ్చాక అసలు అందం మొదలైంది, రవ్వంత పసుపు చాయ కలిసిన తెల్లటి మెరుపు. అయిపోయిందనుకుని పెదనాన్న చేతులు చాపారు. "ఇప్పుడే ఏమైంది మాస్టారూ? ఇట్టాగే ఇస్తే నాలుగు రోజులకి మసకబారుద్ది" అని భాయ్ దాన్ని ముదురెరుపు నీళ్ళున్న ఆఖరి తొట్టిలో దించాడు. అందులో ఉన్నది కాసేపే. పైకి తీసి కడిగితే ఆ పసుపు పోయి నీలం తిరిగిన తెలుపు వచ్చింది. పెదనాన్న కళ్ళజోడు తీసి, వంగి, ట్యాంకు పక్కన వెడల్పుగా సాగిన తన మొహం చూసుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. షాపులో అందరూ చూస్తున్నారన్న ధ్యాసే లేదు ఆయనకి.

మెరుపులో ఎక్కువ భాగం నికెల్‌దే. పైనుండే క్రోమ్ పొర మామూలుగా 0.5 మైక్రాను కూడా ఉండదు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని కింది నికెల్ 10 నుంచి 30 మైక్రాన్ల దాకా ఉంటుంది. క్రోమ్ కాపలా కాస్తుంది, నికెల్ మసకబారకుండా చూస్తుంది, కాస్త నీలం చాయ ఇస్తుంది. పేరు మాత్రం దానికొచ్చింది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. కింద పొరల్లో ఎక్కడ సన్నటి రంధ్రం మిగిలినా తేమ అక్కడికి దిగి ఇనుము తుప్పు పడుతుంది. బాపట్ల, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి బళ్ళ మీద చుక్కలు చుక్కలుగా లేచేది ఇదే.

ఇప్పుడు కార్ల మీద వచ్చేది చాలావరకు ప్లాస్టిక్ మీద వేసిన పూత. దానికి తోడు షోరూముల్లో అంటగట్టే "క్రోమ్ కిట్" ఒకటుంది. మా కారు కొన్నప్పుడు యాక్సెసరీస్ ప్యాక్ అని బిల్లులో కలిపేసి, డోర్ హ్యాండిళ్ళకీ అద్దాలకీ డబల్ టేపుతో మెరుపు డొప్పలు అంటించి ఇచ్చారు. మొదటి వానాకాలానికే డొప్పల కింద నీళ్ళు చేరి మరకలు. ఒక డొప్ప కాజ టోల్‌గేటు దగ్గర ఊడి పడిపోయింది, మిగతావి నేనే పీకేశా. దాన్ని చూసి క్రోమ్ అంటే ఇంతేనేమో అనుకునేవాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళకి అసలుది చూసే అవకాశమే రాలేదు.

కారు ముందు స్టీలు గొట్టాల గార్డు బిగించేవాళ్ళని మాత్రం నా లెక్కలో కలపకండి. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషి బతకడం కష్టం, మన ఎయిర్‌బ్యాగు సమయానికి తెరుచుకోకపోనూవచ్చు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వద్దంది. మా వీధిలో ఇంకా రెండు తిరుగుతున్నాయి.

ఇక నలుపు సంగతి. స్టయిలు అంటారు, యూత్ అంటారు. నా అనుమానం వేరే: రంగు కూడా వేయని నల్ల ప్లాస్టిక్ పెట్టడం కంపెనీకి చవక. అదే కారుని పైనుంచి కిందిదాకా నల్లగా చేసి, ఏదో చీకటి పేరు పెట్టి, ఎక్కువ రేటు కూడా తీసుకుంటున్నారు. పోనీ నిలుస్తుందా అంటే, రామగుండం ఎండలో రెండు వేసవులు ఉంచండి, ఆ నల్ల ప్లాస్టిక్ బూడిదరంగుకి తిరుగుతుంది. తర్వాత మనం కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చోవాలి. ఆ నూనెకి మళ్ళీ దుమ్ము అంటుకుంటుంది.

అమెరికావాళ్ళు మాత్రం ఒకప్పుడు హద్దు దాటారు. డల్లాస్‌లో ఉండే మా బావ ఏదో పాత కార్ల ప్రదర్శనకెళ్ళి 1958 నాటి బ్యూయిక్ కారు ఫొటో పంపాడు. ముందు జాలీలోనే 160 చిన్న చిన్న క్రోమ్ చదరాలు. పెదనాన్నకి చూపిస్తే లెక్కల మాస్టారు కదా, లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో విసిగి, "దీన్ని తుడిచేవాడెవడురా?" అన్నారు. నా సిద్ధాంతం ఆయన నోట్లోంచే వచ్చింది, నేను చెప్పకుండానే.

క్రోమ్ మీద న్యాయంగా పెట్టాల్సిన అభ్యంతరం ఒక్కటే, అది అందం గురించి కాదు. ఆ ఆఖరి తొట్టిలో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో ఒక రకం) క్యాన్సర్ కారకం. దాని పొగ ఏళ్ళ తరబడి పీలిస్తే ముక్కు మధ్య గోడకే కన్నం పడుతుంది, చర్మం మీద పుళ్ళు లేస్తాయి. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. కాలిఫోర్నియా 2023లో చేసిన నియమం ప్రకారం అలంకారపు పూతల్లో దాన్ని 2027 నుంచి ఆపేస్తూ పోవాలి. ట్రైవాలెంట్ అనే ఇంకో రకం క్రోమియంతో వేసే పూత ఉంది, ప్రమాదం చాలా తక్కువ, చాయలో కాస్త తేడా వస్తుంది. ఆ తేడా చూసి పెదనాన్నలాంటివాళ్ళు పెదవి విరుస్తారు, విరవనీండి. భాయ్ షాపులో కుర్రాళ్ళు ముక్కుకి కట్టుకున్నది చేతిరుమాలు.

మీరు పాత బండికి పూత వేయించే ఆలోచనలో ఉంటే: ట్యాంకయితే ముందే కన్నాల సంగతి తేల్చుకోండి, లోపలికి యాసిడ్ దిగకుండా మూతులన్నీ బిగించమని చెప్పండి. ఇంట్లో ఉన్న క్రోమ్ మీద తేలిక తుప్పుకి అల్యూమినియం ఫాయిల్ ముక్క నలిపి నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దితే చాలు. చింతపండు, స్టీలు పీచు జోలికి పోవద్దు. తుడవడానికి షాపులో అమ్మే మైక్రోఫైబర్ గుడ్డ బాగానే ఉంటుంది. పెదనాన్న మాత్రం పాత పంచె తప్ప ఇంకేదీ ముట్టనివ్వరు, అందుకోసం మంచి పంచెలు కూడా చింపుతున్నారని మా పెద్దమ్మ కంప్లయింటు.