పీహెచ్ 8.1 ఉన్నా పగడాలకు ముప్పు ఎలా?

సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) సుమారు 8.1, అంటే క్షార స్థితిలోనే ఉండగా, ఆమ్లీకరణ వల్ల, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి నీటి పీహెచ్ తగ్గడం వల్ల, పగడాలకు ముప్పు ఎలా కలుగుతుందని మీరు అడిగారు. నీరు ఆమ్లంగా మారనక్కరలేదండి. పీహెచ్ సంవర్గమాన కొలమానం, అంటే ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి కాబట్టి, పారిశ్రామిక యుగానికి ముందున్న 8.2 నుంచి 8.1కి తగ్గడమంటే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరగడమే. అవి కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి కనుక, అస్థిపంజరం కట్టుకోవడానికి పగడానికి కావలసిన ముడిసరుకు కరువవుతుంది.

ఇది కేవలం ప్రయోగశాల మాట కాదు. పాపువా న్యూగినీలో సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వెలువడే చోట్ల, కొమ్మల పగడాలు తగ్గిపోయి, బండల్లాంటి పోరైటిస్ పగడాలే ఎక్కువగా మిగిలాయి; కొమ్మల సందుల్లో తలదాచుకునే పీతలు, రొయ్యల వంటి చిన్న జీవులూ తగ్గాయి. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ ద్వీపం వద్ద నీటి క్షారతను పెంచి, దాని రసాయన స్థితిని పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయికి దగ్గరగా తెచ్చి చూస్తే, సున్నపు నిర్మాణం సుమారు 7 శాతం పెరిగిందని 2016లో వెల్లడించారు.