చెరువు మట్టి తోలుకోమంటారా?

ప్రశ్న: అన్నా, మా ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. నాకు రెండెకరాల చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల) ఉంది, పత్తి వేస్తా. మట్టి తోలుకుందామంటే, ‘ఆ ట్రాక్టర్ కిరాయికి ఎన్ని యూరియా బస్తాలొస్తాయో లెక్క చూసుకో’ అంటున్నాడు మా బావమరిది. ఏం చేయమంటారు?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: తోలుకో తమ్ముడూ. మీ బావమరిది లెక్క ఒక్క పంటకైతే సరే. యూరియాలో ఉండేది నత్రజని ఒక్కటే. చెల్కకున్న రోగం వేరు, అందులో తేమ నిలవదు. ఆగస్టులో పది రోజులు వాన మొహం చాటేస్తే నీ పత్తి తలవాల్చేది అందుకే. చెరువులో పేరుకున్న ఒండ్రులో బంకమట్టి ఎక్కువ, తేమను పట్టి ఉంచుతుంది. అయినా అదెక్కడి మట్టి? ఎగువ చేలల్లోంచి ఏటా వానకు కొట్టుకొచ్చిన పైమట్టే కదా.

మా నాయన నీరటి. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పెట్టాలో ఆయనే చూసేవాడు. కూలి కింద కల్లంలో వడ్లు కొలిచేవాళ్లు. ఎండాకాలం వస్తే మట్టి కోసం చెరువులో ఎడ్లబండ్లు బారులు తీరేవి. ఎవరి చేనికి వాళ్లు తోలుకుంటుంటే పూడిక దానంతటదే పోయేది. యూరియా బస్తా, బోరు మోటరు వచ్చాక ఆ బండ్లు ఆగాయి. బోరున్నోడికి తూముతో పనేముంది? కాలువల్లో తుమ్మలు మొలిచాయి, శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, ఇళ్లు మొలిచాయి. చివరికి 2015లో మిషన్ కాకతీయ అని చెరువులు బాగుచేసే పథకం పెట్టి సర్కారే పూనుకోవాల్సి వచ్చింది.

ఇక పని సంగతి. మట్టి తెల్లగా పేరుకున్న చోట తీయించకు, అది చౌడు కావచ్చు. ముందే కొంచెం భూసార పరీక్షకు పంపు. నల్లమట్టి అయిపోయి కింద మొరం (గులకరాళ్ల గట్టి మట్టి) తగిలిందా, అక్కడితో ఆపమను. మొరం నీ చెల్కకు దండుగ, చెరువులో నీళ్లూ నిలవవు. కట్ట మొదట్లో మాత్రం పార పెట్టనివ్వొద్దు. రాత్రిపూట ఇటుక బట్టీలకు పోయే టిప్పర్లకు ఇవేవీ పట్టవు, వాటి మీద ఊరంతా ఓ కన్నేసి ఉంచాలి.

తోలిన మట్టిని కుప్పలుగా వదిలేయక, తొలకరికి ముందే పలుచగా పరిచి దున్ను. రెండెకరాలకూ ఒకే ఏడు పెట్టుబడి కష్టమైతే ముందు ఎకరానికే తోలు. మీ బావమరిదిది రేగడి అయితే ఆయనకు మాత్రం వద్దు, అందులో బంక ఇప్పటికే ఎక్కువ.